స్టాకు రిజిస్టరు

మందస రోడ్డులో మూతపడ్డ జీడి బట్టీ.
ఎన్ని పూతలు సున్నం కొట్టినా
జీడినూనె మరకలు మళ్ళీ పైకి తేలతాయి.
దాని నడుమ ఇప్పుడొక రాగి బాన,
పొడుగు మెడ వంచి గాజుగొట్టంలోకి చూస్తూ,
మడిలో దిగిన కొంగలాగ.

జిన్ను అంటారు దీన్ని.
మొదటిసారి విని మా ఆవిడ నవ్వింది.
ఆవు ఈనితే ఇరుగుపొరుగుకి పంచుతాం,
అదేనా? అని.

నేను సర్కారు మనిషిని.
రెండు తాళాల్లో ఒకటి నాది.
తామాడ సుహాసు తన తాళం ఎంత తిప్పినా
నాది తిరిగితేగాని చుక్క బయటికి రాదు.
ఎంత పోశారు, ఎంత వచ్చింది,
ఎంత ఆవిరైపోయింది,
మూడు గడులు. సాయంత్రానికి సంతకం.

గడుల్లో పట్టనివి గోనెల్లో వస్తాయి.
కవిటి ఒడ్డు నుంచి మొగలి పొత్తులు,
వాటి వెనకే ముళ్ళు గీరిన చేతులు.
ఎండిన ఇప్పపువ్వు,
కిస్మిస్ అనుకుని ఒకటి నోట్లో వేసుకున్నాను.
వట్టివేళ్ళు, దబ్బతొక్క, కొండపసుపు.
జూనిపర్ కాయ ఒక్కటే విమానం దిగి వస్తుంది,
మిరియానికి అన్నలాగ, నల్లగా,
ఎవరితోనూ మాట్లాడకుండా.
అది లేకపోతే దీన్ని జిన్ను అనకూడదట.
మనవాటి పేర్లన్నీ సీసా వెనక, చిన్న అక్షరాల్లో.

బాన కాగేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు.
అది సవర ఎండమ్మ పెట్టిన రూలు.
సుహాసు దగ్గర ఘాటు కొలిచే గాజుపుల్ల ఉంది,
విశాఖలో చదివిన చదువుంది.
అయినా మొదటి ధార ఎప్పుడు తప్పించాలో
ఆమె వంకే చూస్తాడు.
నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దుతుంది.
ముక్కు దాకా తీసుకెళ్ళదు,
చెయ్యి చల్లబడే తీరు చూస్తుంది.
"ఇది తలకాయ. పారబొయ్. కళ్ళు పోతాయి."
కాసేపటికి, "ఇప్పుడట్టు."
చాలాసేపటికి, తడిసిన కుక్క వాసన
ఇంకా మాకెవరికీ అందకముందే, "సాలు."

ఆ రెండు మాటల మధ్య కారిందే సరుకు.
సీసా మూడువేలు.
బెంగుళూరులో మంచుగడ్డ మీద పోసుకుంటారట.

ఇరవైరెండేళ్ళ కిందట
నా బూట్లు ఇంకా కొత్తవి.
కొండ మీద ఒక పాకలో
పొయ్యి మీదున్న కుండని తన్నాను.
బుస్సుమంది నిప్పు.
ఇదే ఇప్ప వాసన, పొగతో కలిసి.
గడపలో ఒకామె, చంకలో పిల్ల.
తిట్టలేదు, ఏడవలేదు.
'ధ్వంసం చేసినవి: కుండ ఒకటి' అని రాశాను.
అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని
ఎస్సై మెచ్చుకున్నాడు కూడా.

ఆమే ఈమె అని నాకు తెలుసు.
ఆమెకి తెలుసో లేదో తెలియక
ఏడాదిగా ఆమె తాగిన టీ గ్లాసు
నేనే కడుగుతున్నాను.

నిన్న వాన. కరెంటు లేదు.
గుమ్మంలో కూచున్నాం ఇద్దరం.
అడ్డపొగ నోట్లోంచి తీసి, తనే ఎత్తింది.

"ఆవేల నువ్వు తన్నిన కుండ నేదా బాబూ,
అది ముందే కారతాది. సన్న సిల్లు.
మీ జీపు సప్పుడు ఇనీ
దాన్ని పొయ్యి మీద ఎట్టీసినాను.
మంచిది ఎనకాల, అడ్డాకుల కట్టల కింద ఉన్నాది."

మళ్ళీ అడ్డపొగ నోట్లో పెట్టుకుంది,
నిప్పు లోపలికి.

ఇన్నేళ్ళూ నేను మోసింది
చిల్లుకుండట.
నవ్వొచ్చింది. కొంచెం కోపం కూడా వచ్చింది,
ఎవరి మీదో తెలీదు.

మరి ఆ మంచి కుండ
ఇప్పటికీ ఉందా?
నాలిక చివరిదాకా వచ్చింది.

అడిగితే చెబుతుంది.
చెబితే రాయాలి.

రిజిస్టరు చంకలో పెట్టుకుని
వాన తగ్గిందేమో చూడ్డానికి లేచాను.